కాలిపర్లు మార్చాక బ్రేక్ పెడల్ తేడాగా ఉందా? తప్పు ఎక్కడుందో పట్టుకునే పద్ధతి

పాత కారుకి పెద్ద కాలిపర్లు (చక్రంతో తిరిగే డిస్క్‌ని ప్యాడ్లతో రెండువైపులా నొక్కి పట్టే భాగాలు) బిగించారు, పైపుల్లో చిక్కిన ఎయిర్ తీశారు, సీట్లో కూర్చుని బ్రేక్ తొక్కితే పెడల్ సగానికి పైగా దిగిపోయింది. ఇలాంటప్పుడు ఎక్కువమంది చేసే పని మళ్ళీ ఎయిర్ తీయడం. ఇంకో సీసా బ్రేక్ ఆయిల్ అయిపోయాక కూడా మార్పు లేకపోతే పెద్ద మాస్టర్ సిలిండర్ (పెడల్ తొక్కితే ఆయిల్‌ని చక్రాల వైపు నెట్టే పంపు) తెప్పిస్తారు. ఎయిరే కారణం కావచ్చు, మాస్టర్ సిలిండర్ నిజంగానే చాలకపోవచ్చు. కానీ పెడల్‌ని పాడుచేసేవి ఆ రెండే కావు. కొన్నిటికి కొత్త కాలిపర్లతో సంబంధమే ఉండదు. అందుకని ఏ పార్టూ కొనకముందు తప్పు ఏ వైపున ఉందో తేల్చుకోండి. ఆ పరీక్షలకి పెద్ద సరంజామా అక్కర్లేదు.

ఉదాహరణకి డాట్సన్ 240జెడ్ తీసుకుంటున్నాను. 1970 మోడల్ నుంచి 1973 దాకా అమెరికాలో అమ్మిన కారు ఇది. ముందు చక్రాలకి రెండు పిస్టన్ల కాలిపర్లతో డిస్కులు, వెనక డ్రమ్ములు (లోపలి నుంచి షూలు ఆనుకుని ఆపే గుండ్రటి డబ్బాలు). దీని ముందు కాలిపర్లు తీసేసి, 1979 నుంచి 1985 మధ్య వచ్చిన టయోటా ఫోర్ వీల్ డ్రైవ్ పికప్ ట్రక్కుల నాలుగు పిస్టన్ల కాలిపర్లు వేయడం అక్కడ ఎన్నో ఏళ్ళుగా నడుస్తున్న పద్ధతి. పాత బోల్టు రంధ్రాలకే కూర్చుంటాయి, డిస్క్ వెనక రేకు కొంచెం కత్తిరిస్తే సరిపోతుంది. పని తేలిక కావడంతో చాలామంది చేశారు, పెడల్ సమస్యలు కూడా అంతమందికీ ఎదురయ్యాయి. మీ దగ్గరున్నది ఎంజీబీ అయినా, బీఎండబ్ల్యూ 2002 అయినా పరీక్షల వరుస ఇదే.

ముందుగా జాగ్రత్త. కారుని జాక్ మీద వదిలి కిందకి దూరకండి, స్టాండ్లు పెట్టండి. బ్రేక్ ఆయిల్ పెయింట్‌ని తినేస్తుంది, పక్కన బకెట్టు నీళ్ళు ఉంచుకుని చుక్క పడ్డ వెంటనే కడిగేయండి. పెడల్ గట్టిపడేదాకా కారు షెడ్డు దాటకూడదు, "ఇక్కడిదాకానే కదా" అని కూడా.

1. తేడా ఏమిటో సరిగ్గా చెప్పుకోండి

"పెడల్ బాగాలేదు" అంటే సరిపోదు. పెడల్ ఎక్కువ దూరం వెళ్ళడం వేరు, మెత్తగా ఉండడం వేరు. ఈ రెంటినీ కలిపేసుకోవడం వల్లే పని చెడుతుంది.

ఇంజిన్ ఆపి, పెడల్‌ని నాలుగైదు సార్లు తొక్కి బూస్టర్‌లో (ఇంజిన్ వాక్యూమ్‌తో కాలి బలానికి సాయం చేసే డబ్బా) ఉన్న వాక్యూమ్ ఖాళీ చేయండి. పది సెకన్లు ఆగండి. ఇప్పుడు నిదానంగా ఒక్కసారి తొక్కి అలాగే పట్టుకోండి. కాలికి ఏం తెలుస్తోందో గమనించండి.

చాలా దూరం ఊరికే దిగి, తర్వాత ఒక చోట టక్కున ఆగి గట్టిగా నిలబడితే అది పొడవు పెడల్. మధ్యలో ఎక్కడో ఖాళీ ఉంది. ప్యాడ్లో, వెనక షూలో చాలా దూరం నడిచి గానీ తగలట్లేదు.

ఆగే చోటంటూ లేకుండా, ఎంత నొక్కితే అంత లోపలికి పోతూ, వదిలితే తిరిగి నెడుతుంటే అది మెత్తని పెడల్. నొక్కుడికి ఏదో కుదించుకుపోతోంది, లేదా ఉబ్బుతోంది, వంగుతోంది. ఎయిర్ ఈ కోవలోకే వస్తుంది.

గట్టిగానే ఆగి, అదే బలంతో పట్టుకుంటే మెల్లగా కిందకి జారిపోతుంటే ఆయిల్ ఎక్కడికో పోతోందన్నమాట. బయట తడి కనిపించకపోతే మాస్టర్ సిలిండర్ లోపలి కప్పు వాషర్లు దాటుకుని వెనక్కి పోతోంది.

ఇక పెడల్ రాయిలా ఉండి కారు ఆగకపోవడం, ముట్టుకోగానే చక్రాలు పట్టేయడం, వదిలినా బ్రేక్ వదలకపోవడం అనే మూడూ వేరే జాతి. వాటి సంగతి చివర్లో చెప్తాను.

ఒక టేపు తీసుకుని స్టీరింగ్ అంచు నుంచి పెడల్ దాకా దూరం కొలవండి, వదిలినప్పుడు ఎంత, తొక్కినప్పుడు ఎంత అని. కాగితం మీద రాసుకోండి. ఒక్కో పని చేశాక మళ్ళీ కొలవండి. కాలి గుర్తు మీద ఆధారపడితే "కొంచెం మెరుగైనట్టుంది" అనిపిస్తూనే ఉంటుంది. టేపు అలా మోసం చేయదు.

2. నిపుల్ పైనే ఉందా?

నవ్వులాటగా అనిపించినా ముందు చూడాల్సింది ఇదే. కాలిపర్ బిగించాక బ్లీడర్ నిపుల్ (ఎయిర్ బయటికి వదలడానికి తెరిచే చిన్న మర) అన్నిటికన్నా ఎత్తైన చోట ఉండాలి. టయోటా కాలిపర్లు ఎడమవి కుడికి, కుడివి ఎడమకి కూడా బోల్టుల్లో చక్కగా కూర్చుంటాయి. అలా వేస్తే నిపుల్ అడుగుకి పోతుంది. అప్పుడు ఎంత ఆయిల్ పారించినా పై భాగంలో ఉన్న గాలి కదలదు. పెడల్ మెత్తగానే ఉంటుంది. దీనికి మందు ఒకటే, రెండూ విప్పి తారుమారు చేయడం.

తర్వాత పైపు కనెక్షన్లు. జపాన్ కార్లలో బ్రేక్ పైపు నట్టు 10 మిల్లీమీటర్లు, ఒక మిల్లీమీటరు పిచ్ (మరకీ మరకీ మధ్య దూరం). పాత బ్రిటిష్ కార్లలో 3/8 అంగుళం, అంగుళానికి 24 మరలు. చేత్తో పట్టుకుంటే రెండూ ఒకటేలా ఉంటాయి, ఒకదాంట్లో ఇంకొకటి రెండు మూడు చుట్లు ఎక్కుతుంది కూడా. ఆ తర్వాత బిగుసుకుంటే "సరిగ్గా టైట్ అయింది" అనుకుంటారు. నిజానికి మర తెగుతోంది. పైపు చివర రూపం కూడా ముఖ్యం. జపాన్ కార్లలో అంచు లోపలికి మడిచిన డబుల్ ఫ్లేర్ ఉంటుంది, చాలా యూరప్ కార్లలో పుట్టగొడుగు తలలా ఉబ్బుగా ఉంటుంది. ఒకటి ఉండాల్సిన చోట ఇంకోటి బిగిస్తే చుక్క కారకపోయినా, పెడల్ వదిలినప్పుడు సన్నగా గాలి లాగే ప్రమాదముంది. టిష్యూ కాగితం ఒక్కో జాయింటు చుట్టూ చుట్టి, ఒకరిని గట్టిగా తొక్కి పట్టుకోమనండి. కంటికి కనిపించని తడి కాగితం మీద మచ్చగా తేలుతుంది.

3. వెనక డ్రమ్ములు: హ్యాండ్ బ్రేక్ పరీక్ష

ముందు కాలిపర్లు మార్చినవాళ్ళు వెనక చక్రాల వైపు చూడనే చూడరు. పొడవు పెడల్‌కి నేను మొదట అనుమానించేది మాత్రం వెనక షూలనే.

హ్యాండ్ బ్రేక్‌ని రెండు మూడు పళ్ళు మాత్రమే లాగండి. షూలు డ్రమ్ముకి ఆనేంత చాలు. ఇప్పుడు పెడల్ తొక్కి టేపుతో కొలవండి. పెడల్ చెప్పుకోదగ్గంత పైకి వచ్చి నిలబడితే తప్పు వెనక ఉంది. షూలకీ డ్రమ్ముకీ మధ్య ఖాళీ ఎక్కువైంది, మీ తొక్కుడులో సగం ఆ ఖాళీ నింపడానికే పోతోంది. కొత్త కాలిపర్లు కొంచెం ఎక్కువ ఆయిల్ అడిగేసరికి ఇన్నాళ్ళూ కనబడని లోపం బయటపడింది, అంతే.

అడ్జస్టర్‌ని చక్రం తిప్పలేనంత బిగించి, అక్కణ్ణించి షూ సన్నగా రాసుకుంటూ చక్రం తిరిగేదాకా వదులు చేయండి. పెడల్ ఒకసారి తొక్కి షూలని మధ్యకి రానిచ్చి మళ్ళీ సరిచూడండి. 240జెడ్ లాంటి కార్లలో వీల్ సిలిండర్ బ్యాక్ ప్లేటులో ముందుకీ వెనక్కీ జారాలి. యాభై ఏళ్ళ తుప్పుతో అది బిగుసుకుపోయి ఉంటే ఎంత అడ్జస్ట్ చేసినా నిలవదు. విప్పి, శుభ్రం చేసి, జారే అంచులకి బ్రేక్ గ్రీజు పలచగా రాయాలి.

హ్యాండ్ బ్రేక్ లాగినా పెడల్ ఏమాత్రం మారలేదా? వెనక సంగతి వదిలేసి ముందుకి పదండి.

4. ఒక్కో చక్రాన్నీ వేరు చేసి చూడడం

ఈ పరీక్ష తెలిస్తే సగం పని అయిపోయినట్టే. 240జెడ్‌లో నాలుగు రబ్బరు హోసులుంటాయి, చక్రానికొకటి. నున్నటి దవడలున్న హోస్ క్లాంపులు నాలుగు తెచ్చి నాలుగింటినీ నొక్కి మూసేయండి. కటింగ్ ప్లేయరుతో నొక్కితే హోస్ లోపలి పొర తెగుతుంది, దాని జోలికి పోకండి. స్టీలు అల్లిక ఉన్న హోసులని అసలు క్లాంపు చేయకూడదు. అవి వేసి ఉంటే మాస్టర్ సిలిండర్ దగ్గర పైపులు విప్పి, ఆ రంధ్రాలకి సరిపోయే బిరడా బోల్టులు బిగించండి.

ఇప్పుడు తొక్కండి. పెడల్ పైనే గట్టిగా నిలబడితే మాస్టర్ సిలిండర్, బూస్టర్, పెడల్ పిన్నులు, పైపులు అన్నీ బాగున్నట్టు. మెత్తదనం అలాగే ఉంటే కాలిపర్ల మీద పెట్టిన అనుమానమే తప్పు. మాస్టర్ సిలిండర్‌లో గాలి ఉంది, లేదా దాని రబ్బర్లు పోయాయి.

గట్టిగా ఉందనుకుందాం. ఒక క్లాంపు వదిలి తొక్కండి, కొలవండి, మళ్ళీ వేయండి. తర్వాతది వదలండి. ఏ చక్రం దగ్గర పెడల్ ఎక్కువ దిగిందో అక్కడే తప్పు. ముందు రెండూ సమానంగా, ఒక మోస్తరుగా దిగితే తప్పేమీ లేకపోవచ్చు. పెద్ద పిస్టన్లకి ఆ మాత్రం ఆయిల్ కావాలి. ఒకటి కొంచెమూ, ఇంకొకటి చాలా ఎక్కువా దిగితే మాత్రం ఆ రెండో కాలిపర్‌లో గాలైనా ఉంది, బిగింపులో తేడా అయినా ఉంది.

క్లాంపు నొక్కిన చోట పాత హోసు గుంటపడి తిరిగి లేవకపోయినా, పైన సన్నని పగుళ్ళు కనిపించినా దాన్ని మార్చేయండి. పాత రబ్బరు ఒత్తిడికి ఉబ్బుతుంది, ఆ ఉబ్బు మీ కాలికి మెత్తదనంగానే తెలుస్తుంది. కొత్త కాలిపర్లకి పాత హోసులు తగిలించడం నా దృష్టిలో పొదుపు కాదు.

5. ఎయిర్ తీసే తీరు

పరీక్షల్లో గాలి అని తేలితేనే ఈ మెట్టు.

మాస్టర్ సిలిండర్ కొత్తదైతే కారుకి బిగించకముందే బల్ల మీద ఎయిర్ తీయాలి. వైస్‌లో సమంగా పట్టించి, రెండు రంధ్రాల నుంచీ సన్న గొట్టాలు తిరిగి ఆయిల్ డబ్బాలోకే పెట్టి, మొద్దుగా ఉన్న స్క్రూ డ్రైవరుతో పిస్టన్‌ని మెల్లగా నెట్టండి. బుడగలు ఆగేదాకా నెట్టండి. ఈ పని మానేసి కారులో ఎంత పంపు చేసినా, సిలిండర్ కొంచెం ఏటవాలుగా ఉంటే పై మూలలో గాలి అలాగే ఉండిపోతుంది.

పాత మాస్టర్ సిలిండరే ఉంటే పెడల్‌ని నేలదాకా తొక్కనివ్వకండి. మామూలుగా పిస్టన్ నడిచే దూరం కొంచెమే, దాని అవతల బోరులో తుప్పు, మడ్డి పేరుకుని ఉంటాయి. ఎయిర్ తీసేటప్పుడు రబ్బర్లు ఆ గరుకు మీదకి వెళ్ళి చీరుకుంటాయి. పొద్దున బాగున్న సిలిండర్ సాయంత్రానికి జారడం మొదలుపెట్టేది ఇందుకే. పెడల్ కింద చెక్కముక్క పెట్టి తొక్కమనండి.

చక్రాల దగ్గర, మాస్టర్ సిలిండర్‌కి అన్నిటికన్నా దూరమున్న చక్రంతో మొదలుపెట్టి దగ్గరికి రండి. స్టీరింగ్ ఎడమవైపున్న అమెరికా కార్లో అది వెనక కుడి చక్రం, మన కార్లలో వెనక ఎడమది. నిపుల్‌కి పారదర్శకమైన గొట్టం తగిలించి, రెండో చివర ఆయిల్ పోసిన సీసాలో మునిగేలా పెట్టండి. లోపలున్న మనిషి నిదానంగా తొక్కాలి, మీరు నిపుల్ తెరవాలి, మూసేశాకే పెడల్ వదలాలి. గబగబా పంపు చేస్తే పెద్ద బుడగ నురగగా చితికిపోయి ఇంకా మొండికేస్తుంది. వాక్యూమ్ పంపు వాడేవాళ్ళకి ఒక మాట. నిపుల్ మరల సందుల్లోంచి కూడా గాలి వస్తుంది, గొట్టంలో బుడగలు ఆగవు. అది చూసి లోపల ఇంకా గాలుందని బెంబేలు పడనక్కర్లేదు.

నాలుగు పిస్టన్ల కాలిపర్‌లో దారులు వంకరటింకరగా ఉంటాయి. ఎయిర్ తీస్తూ రబ్బరు సుత్తితో కాలిపర్ ఒంటి మీద చిన్నగా తట్టండి. అప్పటికీ రాకపోతే కాలిపర్ విప్పి, ప్యాడ్ల మధ్య డిస్క్ మందమున్న చెక్క పెట్టి, చేత్తో అటూ ఇటూ వంచి నిపుల్‌ని అన్నిటికన్నా పైకి తెచ్చి ఎయిర్ తీయండి. చెక్క లేకుండా పెడల్ తొక్కితే పిస్టన్ ఊడి వస్తుంది.

ఆయిల్ విషయంలో, డాట్ 4 గ్రేడు చాలు. ఇంకా తడి పీల్చని కొత్త ఆయిల్ మరిగే ఉష్ణోగ్రత కనీసం 230 డిగ్రీలు ఉండాలి, తేమ పీల్చాక 155 డిగ్రీలు. డాట్ 3కి అవే 205, 140. డాట్ 5 అనేది సిలికాన్ ఆయిల్, పేరు దగ్గరగా ఉన్నా డాట్ 5.1తో దానికి సంబంధం లేదు. సిలికాన్ ఆయిల్ మామూలు ఆయిల్‌తో కలవదు, సన్నని బుడగలని తనలో పట్టి ఉంచుతుంది. పాత యజమాని అది పోసి ఉంటే మెత్తదనానికి అదే కారణం కావచ్చు. ఊదా రంగు కనిపిస్తే అనుమానించండి.

6. గాలి లేదు, అయినా పొడవు

కారు నేరుగా వెళ్తున్నప్పుడు పెడల్ బాగుండి, ఒక మలుపు తిరిగి వచ్చాక మొదటి తొక్కుడు మాత్రం లోపలికి పోతోందా? రెండోసారి తొక్కితే మళ్ళీ పైకి వస్తోందా? డిస్క్ అటూ ఇటూ ఊగి ప్యాడ్లని వెనక్కి తోసేస్తోందన్నమాట. రెండువైపులా పిస్టన్లున్న కాలిపర్లలో ఇది స్పష్టంగా తెలుస్తుంది. చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపి చూడండి. బేరింగులో ప్లే ఉంటే సరిచేయండి. డయల్ గేజ్ ఉంటే డిస్క్ వంకర కొలవండి. అంతకుముందు హబ్ మీద డిస్క్ ఆనే చోట తుప్పు గీకేయండి, ఒక పొలుసు మిగిలినా అంచు దగ్గర వంకరగా తేలుతుంది.

కాలిపర్ డిస్క్‌కి నడుమన ఉందా? బోల్టు రంధ్రాలు కలిసినంత మాత్రాన నడుమకి వచ్చినట్టు కాదు. ప్యాడ్లు తీసేసి రెండు వైపులా దూరం కొలవండి. తేడా ఉంటే పల్చటి షిమ్ములతో (రేకు ముక్కలతో) సర్దాలి. కాలిపర్ ఒరిగి ఉంటే ప్యాడ్ ఒక అంచే ముందు తగులుతుంది, గట్టిగా తొక్కేకొద్దీ వంగుతూ మిగతాది ఆనుతుంది. కాలికి అచ్చం ఎయిర్ ఉన్నట్టే ఉంటుంది! కొన్ని కిలోమీటర్లు నడిచిన ప్యాడ్లు బయటకి తీసి చూస్తే ఒక చివర మెరుస్తూ, రెండో చివర కొత్తగా కనిపిస్తుంది. అదే రుజువు.

రీబిల్డ్ చేసి చాలాకాలం అరలో ఉన్న కాలిపర్లలో పిస్టన్ రబ్బర్లు పిస్టన్‌కి అతుక్కుపోతాయి. అప్పుడు పెడల్ వదిలినప్పుడు పిస్టన్ ఉండాల్సిన దానికన్నా ఎక్కువ వెనక్కి లాక్కుపోతుంది. చెక్క అడ్డం పెట్టి ఒక్కో పిస్టన్‌ని కొంచెం బయటికి రానిచ్చి, మళ్ళీ లోపలికి నెట్టి, ఇలా కొన్నిసార్లు ఆడిస్తే చాలావరకు సర్దుకుంటుంది.

7. ఇప్పుడు లెక్క

ఇవన్నీ సరిగ్గా ఉండి, పెడల్ గట్టిగానే ఆగుతూ, కేవలం కొంచెం కిందగా ఆగుతోందంటే అప్పుడు మాస్టర్ సిలిండర్ గురించి ఆలోచించండి. అదీ లెక్క వేశాక.

పాత, కొత్త కాలిపర్ల పిస్టన్లు కొలవండి. రెండువైపులా పిస్టన్లుంటే ఒక వైపువి లెక్కేస్తే చాలు. ఉదాహరణకి పాతదాంట్లో ఒక వైపు 54 మిల్లీమీటర్ల పిస్టన్ ఒకటి, కొత్తదాంట్లో 42 మిల్లీమీటర్లవి రెండు అనుకుందాం. పాత వైశాల్యం సుమారు 2,290 చదరపు మిల్లీమీటర్లు, కొత్తది సుమారు 2,770. అంటే 21 శాతం ఎక్కువ. పిస్టన్ అంతే దూరం కదలాలంటే ముందు చక్రాలకి అంత ఎక్కువ ఆయిల్ పోవాలి.

240జెడ్ మాస్టర్ సిలిండర్ బోరు, అంటే లోపలి వ్యాసం, 7/8 అంగుళం. చాలామంది తర్వాత వచ్చిన 280జెడ్ఎక్స్ నుంచి 15/16 అంగుళం సిలిండర్ తెచ్చి వేస్తారు. చూడ్డానికి అంగుళంలో పదహారో వంతే తేడా, వైశాల్యంలో మాత్రం దాదాపు 15 శాతం. పై ఉదాహరణలో 21 శాతం పెరిగిన కాలిపర్‌కి ఇది బాగా సరిపోతుంది. పెడల్ దాదాపు పాత ఎత్తుకి వస్తుంది, తొక్కే బలం కూడా కంపెనీ ఇచ్చినదానికన్నా కొంచెం తక్కువే పడుతుంది. అదే ఒక అంగుళం సిలిండర్ వేస్తే వైశాల్యం 31 శాతం పెరుగుతుంది. పెడల్ పైనే ఉంటుంది, కానీ కారు ఆపడానికి మొదటికన్నా ఎక్కువ బలంతో తొక్కాలి. పెద్ద కాలిపర్లు వేసిన లాభం కాస్తా అక్కడ పోతుంది.

ఈ లెక్కని ముందుకి కాక చివరికి పెట్టడానికి కారణముంది. పెద్ద మాస్టర్ సిలిండర్ ఏ పెడల్‌నైనా గట్టిపరుస్తుంది. గాలి ఉన్నా, షూలు వదులుగా ఉన్నా, కాలిపర్ వంకరగా ఉన్నా కాలికి తెలియకుండా కప్పేస్తుంది. లోపం అలాగే ఉండి, బ్రేకులు బాగా వేడెక్కిన రోజున బయటపడుతుంది. కాబట్టి మెత్తని పెడల్‌కి పెద్ద సిలిండర్ వేయకండి. గట్టిగా ఉండి పొడవైన పెడల్‌కే వేయండి.

వేసేటప్పుడు సిలిండర్ ఒంటి మీద పోతపోసిన ఎఫ్, ఆర్ అక్షరాలు చూసుకోండి, ముందు లైను ఎఫ్‌కి, వెనక లైను ఆర్‌కి. సంవత్సరాన్ని బట్టి వాటి చోటు మారుతుంది కాబట్టి పాతది ఎలా ఉంటే అలా తగిలిస్తే తప్పు జరగొచ్చు.

8. ముట్టుకుంటే పట్టేస్తోంది

మాస్టర్ సిలిండర్ మార్చిన వెంటనే ఈ లక్షణం మొదలైతే, బూస్టర్‌లో ఉండే చిన్న రబ్బరు బిళ్ళ మీద అనుమానం పెట్టుకోండి. పాత డాట్సన్లలో ఇది పేరుపడ్డ సమస్య. సిలిండర్ విప్పినప్పుడు బూస్టర్ కడ్డీని బయటికి లాగితే, దాని వెనక అతుక్కుని ఉన్న నల్లటి రబ్బరు బిళ్ళ ఊడి లోపల పడిపోతుంది. కాలు ఎంత నొక్కుతోందో బూస్టర్‌కి తిరిగి తెలియజేసేది ఆ బిళ్ళే. అది లేకపోతే కొంచెం తొక్కినా పూర్తి సాయం ఒక్కసారిగా వస్తుంది. పెడల్‌కి మెల్లగా, గట్టిగా అనే తేడా పోయి, బ్రేక్ ఉంటే మొత్తం, లేకపోతే లేదు అన్నట్టు తయారవుతుంది. తడి రోడ్డు మీద ఇది ప్రమాదం.

మాస్టర్ సిలిండర్ విప్పి, కడ్డీ తీసి, టార్చి వేసి లోపలికి చూడండి. నడుమ గుంటలో నల్లటి రబ్బరు కనిపిస్తే అది చోటులోనే ఉంది. ఇత్తడి గానీ ఇనుము గానీ మెరుస్తూ కనిపిస్తే పడిపోయింది. బూస్టర్ విప్పి వంచి కుదిపితే దొరుకుతుంది. కడ్డీ చివర చిటికెడు గ్రీజుతో బిళ్ళని అతికించి, నిటారుగా లోపలికి తీసుకెళ్ళి గుంటలో కూర్చోబెట్టండి. గ్రీజు కొంచెమే వాడండి.

దీనికి వ్యతిరేకంగా పెడల్ రాయిలా ఉంటే బూస్టర్‌కి వాక్యూమ్ అందట్లేదు. ఇంజిన్ ఆపి పెడల్ గట్టిపడేదాకా పంపు చేసి, కాలు అలాగే నొక్కి ఉంచి స్టార్ట్ చేయండి. పెడల్ కొంచెం కిందకి కుంగాలి. కుంగకపోతే గొట్టం, చెక్ వాల్వు, బూస్టర్ పొర, ఈ వరసలో చూడండి. మూడు కార్బురేటర్లు వేసిన కార్లలో ఒక్క సిలిండర్ దారి నుంచే వాక్యూమ్ తీస్తే అది చాలదు, అన్ని దారులనీ కలిపి తీయాలి. రేసింగ్ ప్యాడ్లు వేసినా చల్లగా ఉన్నప్పుడు ఇలాగే రాయిని తొక్కినట్టుంటుంది. రోడ్డు కారుకి అవి వద్దు.

9. వదిలినా వదలట్లేదు

కొంత దూరం పోయాక పెడల్ పైపైకి వస్తూ, కారు బరువెక్కినట్టు లాగుతూ, చక్రాలు కాలిపోతుంటే ఆయిల్ వెనక్కి రావట్లేదు. సురక్షితమైన చోట ఆపి, ముందు మాస్టర్ సిలిండర్‌ని బూస్టర్‌కి పట్టి ఉంచే రెండు నట్లూ కొంచెం వదులు చేయండి. చక్రాలు వదిలేస్తే బూస్టర్ కడ్డీ పొడవెక్కువైంది. సిలిండర్ పిస్టన్‌ని ఎప్పుడూ కొంచెం నొక్కి ఉంచి, ఆయిల్ తిరిగొచ్చే చిన్న రంధ్రాన్ని మూసేస్తోంది. కడ్డీ పొట్టి చేసి, పిస్టన్‌కీ దానికీ మధ్య వెంట్రుకవాసి ఖాళీ మిగల్చాలి. బంకమట్టి ముద్ద కడ్డీ చివర పెట్టి, సిలిండర్ ఆనించి తీస్తే ఎంత మందం మిగిలిందో తెలుస్తుంది. ఖాళీ మరీ ఎక్కువైతే అదీ పొడవు పెడలే.

నట్లు వదులు చేసినా వదలకపోతే పట్టేసిన చక్రం నిపుల్ తెరవండి. ఆయిల్ చిమ్మి చక్రం తిరిగితే హోస్ లోపల మూసుకుపోయింది. చిమ్మకపోతే పిస్టన్ బిగుసుకుంది.

మన అంబాసిడర్, పద్మినీలకి ఈ మెట్టు మరీ ముఖ్యం. అవి ఎక్కువగా నాలుగు చక్రాలకీ డ్రమ్ములతో వచ్చిన కార్లు, వాటికి ముందు డిస్కులు తగిలించి పాత మాస్టర్ సిలిండర్నే వాడేవాళ్ళున్నారు. డ్రమ్ముల కోసం చేసిన సిలిండర్‌లో, పెడల్ వదిలాక కూడా లైన్లో కొంచెం ఒత్తిడి నిలిపి ఉంచే వాల్వు ఉంటుంది, సుమారు 10 పీఎస్‌ఐ. డ్రమ్ములో షూలని వెనక్కి లాగే స్ప్రింగులున్నాయి కాబట్టి ఫరవాలేదు. డిస్కుల్లో అలాంటి స్ప్రింగు లేదు. ఆ ఒత్తిడికి ప్యాడ్లు ఎప్పుడూ రాసుకుంటూనే ఉంటాయి. ముందు లైన్లో ఆ వాల్వు తీసేయాలి. అయితే సిలిండర్ ఫ్లోర్ కింద, కాలిపర్ల కన్నా దిగువన ఉంటే ఆయిల్ వెనక్కి జారిపోయి పెడల్ పొడవవుతుంది. అక్కడ డిస్కుల కోసమే వచ్చే 2 పీఎస్‌ఐ వాల్వు వేయాలి. డిస్క్ ప్యాడ్లు అరిగేకొద్దీ కాలిపర్ చాలా ఆయిల్ తాగుతుంది, డ్రమ్ముల కాలంనాటి చిన్న డబ్బా ఖాళీ అయిపోతుంది. డబ్బా పెద్దది పెట్టుకోండి.

10. రోడ్డు మీదకి

ముందు ఖాళీ స్థలంలో, నడక వేగంతో. ఆ తర్వాత 30, 50 కిలోమీటర్ల వేగంతో. కొత్త ప్యాడ్లు డిస్క్‌కి పూర్తిగా ఆనడానికి కొంత నడవాలి. 60 నుంచి 20కి ఒక మోస్తరు బలంతో తగ్గిస్తూ, మధ్యలో చల్లారనిస్తూ, ఎనిమిది పది సార్లు చేయండి. వేడిగా ఉన్నప్పుడు పెడల్ తొక్కిపట్టి నిలబెట్టకండి. పెడల్ మొదట్లో ఉన్న కొద్దిపాటి మెత్తదనం ఈ పనితో తగ్గడం మామూలే.

ఖాళీ రోడ్డు మీద ఒకసారి గట్టిగా ఆపి, ముందు చక్రాలు ముందు పట్టేస్తున్నాయో వెనకవో పక్కనుంచి ఎవరినైనా చూడమనండి. వెనకవి ముందు పట్టేస్తే కారు గిర్రున తిరిగిపోతుంది. వెనక లైన్లో ఒత్తిడి తగ్గించే వాల్వు వేసి సరిచేసేదాకా వేగం పోకండి. పెడల్ ఎంత బాగున్నా సరే.

ఇంటికొచ్చాక చల్లారనిచ్చి, కాలిపర్ బోల్టులు మాన్యువల్లో చెప్పిన టార్క్‌కి మళ్ళీ బిగించి చూడండి, జాయింట్లకి టిష్యూ కాగితం ఇంకోసారి చుట్టండి. ఆయిల్ మట్టం దగ్గర డబ్బా మీద గీత గీసుకోండి. వారంలో ఆ గీత దిగితే, ప్యాడ్లు అంత తొందరగా అరగవు కాబట్టి, ఎక్కడో కారుతోంది. బయట తడి లేకపోతే బూస్టర్ వాక్యూమ్ గొట్టం విప్పి వాసన చూడండి, మాస్టర్ సిలిండర్ వెనక రబ్బరు వదిలిన ఆయిల్ బూస్టర్‌లోకే పోతుంటుంది.